అంగుళం చెక్క

సఖినేటిపల్లి పంటు దిగి
లుంగీలో చుట్టిన పొడుగాటి మూటతో
కొల్లాబత్తుల సత్యానందం
నర్సాపురంలో నా కొట్టు మెట్లెక్కాడు.
మూటకి మూడు చోట్ల కొబ్బరితాడు.
లైసెన్సు పుస్తకం మాత్రం చొక్కా లోపల, పొట్టకి ఆనించి.

"రాజోలు బ్యాంకు గుమ్మంలో పందొమ్మిదేళ్లండి.
ఒక్కసారీ పేల్చలేదు. కొత్తదాని కిందే లెక్కండి ఆయ్."

ముందు నంబరు చూస్తాను ఎప్పుడూ.
నంబరు చెక్కుచెదరలేదు.
జంట గొట్టాలు, పన్నెండు బోరు, మంచి కంపెనీ.
నలభై రెండు అని పెన్సిల్‌తో వేసుకున్నాను
అతనికి కనపడకుండా.

గొట్టాల మీది నల్లటి నీలం ఏమైందయ్యా?
"మేనేజరుగారు కళ లేదన్నారండి.
పాలకొల్లులో గిన్నెలకి పూత వేసే ఆయన చేత నికెలు వేయించాను."
పెళ్లి బ్యాండులో బాకాలాగుంది.
ఆరు వేలు కొట్టేశాను.

మరి ఈ రింగు?
"భుజానికి పట్టీ కావాలి కదండీ. అంతర్వేదిలో
బోటింజన్లు బాగుచేసే కుర్రోడు..."
వెల్డింగా? నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.
"కాదండి కాదండి. సీసం మాటు."
బతికించావు. రెండు వేలు.

మడమ మీద మేకుతో గీసిన కె.ఎస్.
"ఎలక్షన్లప్పుడు టేసన్లో పెట్టేస్తాం కదండీ.
నలభై తుపాకులు ఒకే గదిలో. మారిపోతే?"
ఆ గది చెమ్మకి పట్టిన తుప్పు మచ్చలు
వానాకాలం గోడలా పొక్కి ఉన్నాయి.
తప్పు నీది కాదు సత్యానందం.
వెయ్యి మాత్రం నీదే.

మా నాన్న అనేవాడు,
తుపాకీకి వయసుండొచ్చు, వేషం ఉండకూడదని.

చివరికి మడమ. పొట్టిగా ఉంది, అడుగున స్కూటర్ టైరు ముక్క.
అతను ఎడమ చెయ్యి చాపి చూపించాడు.
మోచెయ్యి పూర్తిగా చాపుకోదు.
"యుద్ధంలో కాదండి. జబల్‌పూర్‌లో లారీ మీంచి పడ్డాను.
అంగుళం కోయిస్తే గానీ చేతికి అందలేదు.
ముక్క పారెయ్యలేదు."
జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.
అక్రోటు చెక్క. చేతి నూనెకి ఒక పక్క నున్నగా తేలింది.
అతికించడం కుదరదయ్యా.
ఐదు వేలు.

ఇరవై ఎనిమిది అన్నాను.
అతను చాలాసేపు కాలవ వైపు చూశాడు.
"పూతకి పన్నెండొందలు, మాటుకి మూడొందలు పెట్టానండి.
అవి మీరు కలుపుతారేమో అనుకున్నాను."

సంతకాలు, స్టేషను కాగితాలు అయ్యేసరికి పది రోజులు.
డబ్బు లెక్కపెట్టుకుని, పట్టీ ఊడదీసుకుని వెళ్లాడు.
పట్టీ ఇమ్మని నేనూ అడగలేదు.
చెక్కముక్క మర్చిపోయాడో, వదిలేశాడో.

శ్రావణంలో మొగల్తూరు నుంచి పేరిచర్ల గోపాలరాజుగారు వచ్చారు.
రొయ్యల చెరువులు, కాపలాకి లైసెన్సు.
మనిషి నా భుజం దాకా రారు.
పొడుగాటివి మూడు ఎత్తి చూసి, మూడూ దించేశారు.
నాలుగోది భుజానికి ఆనించారు.
"ఏవండోయ్, కొలతలిచ్చి చేయించినట్టుందే!"
మెరుపు కూడా నచ్చింది. రాత్రి గట్టు మీద
దూరానికి కనపడాలట.

నలభై నాలుగు అన్నాను.
బేరం ఆడలేదు.

సాయంత్రం చిట్టా తెరిచి
అమ్మకం రాశాను, కొన్నది రాశాను.
ఫ్యానుగాలికి కాగితాలు లేవకుండా
ఆ అంగుళం చెక్క పెట్టాను వాటి మీద.
రేవులో ఆఖరి పంటు కూత వేసింది.
ఫోన్లో అతని నంబరు ఉంది.
చెయ్యలేదు.